పరిటాల రాయి, ఎడారిలో గుర్రం

తొలకరి పడి నేల కాస్త ఆరగానే మా నందిగామ మెట్టలో రెండు రకాల జనం చేలకి బయల్దేరతారు. ఒకరు విత్తనాలతో, రెండోవాళ్లు ఉత్త చేతులతో. ఈ రెండోవాళ్లని చూడాలంటే చందర్లపాడు మండలం గుడిమెట్లకో, హైదరాబాదు రోడ్డు మీది పరిటాలకో వెళ్లాలి. ఎక్కడెక్కడినుంచో అన్నం మూటలు కట్టుకుని వస్తారు. వంచిన నడుం ఎత్తకుండా, ఎండ తగిలి మెరిసిన ప్రతి పలుకునూ తీసి చూస్తారు. వాన మట్టిని కడిగితే వజ్రం పైకి తేలుతుందని నమ్మకం. అప్పుడప్పుడు నిజంగానే దొరుకుతుంది. అందుకే మరుసటేడు మళ్లీ వస్తారు.

నేను మాత్రం వజ్రాలను అద్దె పుస్తకాల షాపులో వెతికాను. రోజుకు కొన్ని పైసలు ఇస్తే షాపువాడు అట్ట చిరిగిన నవల ఇచ్చేవాడు. చినిగిన పటం, కొండలో రహస్య ద్వారం, నిధికి పాము కాపలా, చివరి నిమిషంలో కూలిపోయే గుహ. ఆ తర్వాత అవే సినిమా హాల్లో కనిపించాయి. ఈ సాహస కథల పుట్టిల్లు అమెరికా అని చాలాకాలం అనుకున్నాను. వెతుక్కుంటూ పోతే దారి లండను, పారిస్, వెనిస్ తిరిగి చివరికి పరిటాల పొలాల్లోకే వచ్చింది. ఆ దారి చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికాలో చవకబారు గరుకు కాగితాన్ని కర్రగుజ్జుతో చేసేవారు. గుజ్జుకు ఇంగ్లీషు మాట పల్ప్. 1896లో 'ఆర్గసీ' అనే పత్రిక ఆ కాగితం మీద కేవలం కథలే అచ్చేసి కూలీనాలీ కూడా కొనగల ధరకు అమ్మింది. కాగితం పేరే కథలకు పేరయింది. టార్జాన్ 1912లో, జోరో 1919లో ఆ కాగితం మీదే పుట్టారు. మనకూ ఆ కాగితం ఉంది, పేరే లేదు. రైల్వే స్టేషన్లలో అమ్ముడైన కొవ్వలి నవలలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క' లాంటి ధారావాహికలు అన్నీ ఆ కోవలోవే. వాటిని సాహిత్య చరిత్రలు రాసినవాళ్లు గుమ్మం బయటే నిలబెట్టారు. తెలుగు చదవడం లక్షలమందికి అలవాటు చేసిన పుస్తకాలకు అది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

సినిమా వాళ్లు ఆ తప్పు చేయలేదు. 1951లో వచ్చిన విజయా వారి 'పాతాళ భైరవి'కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లోది. కాశీ యాత్రలో మజిలీకొక కథగా సాగే ఆ సంపుటాలు మన ఇళ్లలో గుజ్జు కాగితం రాకముందే ఆ పని చేశాయి. ఆ సినిమాలో తోటరాముడి వేషం వేసిన ఎన్టీఆర్ పేరే 2022 నుంచి మా జిల్లాకు పేరు. 1966లో 'గూఢచారి 116' వచ్చింది. ఐదేళ్లకు, 1971లో, కౌబాయ్ సినిమా 'మోసగాళ్లకు మోసగాడు'.

ఇక్కడ కాసేపు ఆగాలి. తెలుగువాడు కౌబాయ్ టోపీ పెట్టుకుంటే జనం ఒప్పుకుంటారా అని అప్పట్లో ఎవరికైనా అనుమానం రావాలి. కథ రాసిన ఆరుద్ర దగ్గర జవాబు ఉంది. ఒకపక్క 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' అనే మహా యజ్ఞం చేసిన మనిషి, మరోపక్క డిటెక్టివ్ నవలలు కూడా రాసినవాడు. ఆయన కౌబాయ్‌ని అమెరికాలో వదిలేసి గుర్రాన్ని మాత్రం తెచ్చుకున్నాడు. తెల్లవాళ్ల కంట పడకుండా దాచిన అమరవీడు సంస్థానం నిధి అని కథకు మన చరిత్ర వాసన పట్టించాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాతో రాజస్థాన్ ఎడారిలో తీశారు. నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం, గుర్రం మీద కృష్ణ. 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లి విదేశాల్లోనూ ఆడింది. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజున మళ్లీ విడుదల చేస్తే తాతలూ మనవలూ కలిసి వెళ్లారు.

ఈ సినిమా వంశవృక్షం చూడండి. దీని వెనుక ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ తీసిన 'డాలర్ల' కౌబాయ్ సినిమాలు, 1969 నాటి 'మెకన్నాస్ గోల్డ్' ఉన్నాయి. లియోనీ మొదటి డాలర్ల సినిమా వెనుక జపాన్‌లో కురొసావా 1961లో తీసిన 'యొజింబొ' ఉంది. దానికీ డాషియల్ హామెట్ నవల 'రెడ్ హార్వెస్ట్'కూ పోలికలున్నాయని విమర్శకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ నవల మొదట అచ్చయింది 'బ్లాక్ మాస్క్' అనే గుజ్జు కాగితం పత్రికలోనే. అమెరికా, జపాన్, ఇటలీ, చివరికి మద్రాసు. కథ అరువు సొత్తేనని చిన్నబోనక్కర్లేదు. అరువిచ్చినవాళ్లు మాత్రం ఎవరి దగ్గర తెచ్చుకున్నారు?

నిధి సంగతికి వస్తే, తెచ్చుకున్నది మా దగ్గరే.

పదమూడో శతాబ్దం చివర వెనిస్ వర్తకుడు మార్కో పోలో 'ముట్‌ఫిలి' రాజ్యం గురించి చెప్పాడు. అది మోటుపల్లి రేవు. రాణి పాలిస్తోందన్నాడు, ఆమె రుద్రమదేవి. రాజు భార్య అనుకున్నాడు, నిజానికి కూతురు. ఆ రాజ్యంలో వజ్రాల లోయలున్నాయనీ, నిండా పాములనీ, పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు వాటిని పైకి తెస్తాయనీ రాశాడు. సింద్‌బాద్ రెండో యాత్రలోదీ ఇదే లోయ. ఈ కథ ఇక్కడే పుట్టిందని అనను. నాలుగో శతాబ్దంలోనే సైప్రస్ బిషప్పు ఎపిఫానియస్ ఇలాంటిది చెప్పాడు, ఊరు వేరు. కానీ నిజమైన వజ్రాలున్న నేలను దానికి చిరునామాగా ఇచ్చింది పోలోనే.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కృష్ణ అవతలి ఒడ్డున కొల్లూరు గని చూశాడు. ఆడా మగా పిల్లా జెల్లా కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ గని బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకోడానికి నేల తవ్వుతుంటే 25 క్యారెట్ల రాయి పైకొచ్చిందట. ఇప్పుడా కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

పరిటాల రాయి కథ ఇంకా పెద్దది. 410 క్యారెట్ల ముడి వజ్రం. గనిలో పనిచేసే బానిస ఒకడు కాలు కోసుకుని, ఆ గాయంలో రాయి దాచి, కట్టు కట్టుకుని రేవుకు పారిపోయాడట. ఓడలో చోటిస్తే సగం ఇస్తానంటే, ఇంగ్లీషు కెప్టెన్ వాణ్ని చంపి సముద్రంలో పడేశాడట. ఇది కథ. మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఆ రాయి కొన్నది మాత్రం చరిత్ర. లండనులో సానబడితే 140 క్యారెట్ల పైచిలుకు తేలింది. 1717లో ఫ్రాన్సు రీజెంటు కొన్నాడు. 'రీజెంట్' అన్న పేరు అలా వచ్చింది. విప్లవ కాలంలో, 1792లో, దొంగలెత్తుకుపోతే మళ్లీ దొరికింది. నెపోలియన్ కత్తి పిడిలో మెరిసింది. 2025 అక్టోబరు 19న అది ఉన్న లూవ్ర్ మ్యూజియంలో పట్టపగలు దోపిడీ జరిగితే, పక్కనున్న నగలు పోయాయి గానీ రీజెంట్‌ను వాళ్లు ముట్టలేదు. దీన్ని కొందరు కొల్లూరుదంటారు, ఇంకొందరు పరిటాలదంటారు. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నప్పుడు కూడా నిజాం పరిటాలను, చుట్టుపక్కల కొన్ని పల్లెలను తన చేతిలోనే ఉంచుకున్నాడంటే ఆ మట్టి విలువ వేరే చెప్పాలా?

ఆ బానిస పేరు ఎవరూ రాయలేదు. నాకు కోహినూరు పోయిన బాధ కన్నా ఈ బాధే ఎక్కువ.

ఇలాంటి రాళ్ల కథలు ఇంగ్లండు వెళ్లి నవలలయ్యాయి. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన 'ద మూన్‌స్టోన్' ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో తొలినాటిది. దేవుడి నుదుట నుంచి దొంగిలించిన భారతీయ వజ్రం, దాని శాపం ఆ నవల కథ. కోహినూరు లాంటి రాళ్ల మీది కథలే తనకు ఆధారమని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. 1885లో రైడర్ హాగర్డ్ 'కింగ్ సాలమన్స్ మైన్స్'లో వజ్రాల గుహను ఆఫ్రికాకు మార్చాడు. అక్కడినుంచి నిధి కథ గుజ్జు కాగితానికి, వారానికో భాగం వేసే సీరియల్ సినిమాలకు, వాటిని చూస్తూ పెరిగిన లూకస్, స్పీల్‌బర్గ్‌లు 1981లో తీసిన ఇండియానా జోన్స్‌కు చేరింది.

మళ్లీ మన దగ్గరికి. 2002లో 'టక్కరి దొంగ'లో మహేశ్‌బాబు తన తండ్రి కృష్ణ టోపీ పెట్టుకుని వజ్రాల నిధి వెంట పడ్డాడు. 2004లో కోడి రామకృష్ణ 'అంజి', 2013లో దేశ విభజనప్పుడు పాకిస్తాన్‌లో మిగిలిన తాతగారి సొత్తు కోసం వెళ్లే చంద్రశేఖర్ యేలేటి 'సాహసం', 2022లో చందూ మొండేటి 'కార్తికేయ 2'. వీటిలో నాకు నచ్చింది 'సాహసం'. నిధి తనదేనన్న హక్కు, కడుపు కాలిన తొందర ఆ హీరోకి ఉన్నాయి, గుడిమెట్ల చేలల్లో వంగిన మనుషులకు ఉన్నట్టే. ఇప్పుడు రాజమౌళి మహేశ్‌బాబుతో 'వారణాసి' తీస్తున్నాడు.

నిధి కథ చెప్పేటప్పుడు జగ్గయ్యపేట వదలకూడదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున కట్టిన ఆ పేటను ఆనుకుని ఒక దిబ్బ ఉంది. ధనంబోడు. డబ్బున్న దిబ్బ అని ఆ పేరుకు అర్థం. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలిస్తే బౌద్ధ స్తూపం బయటపడింది. అప్పటికే చాలా పలకలు మాయమయ్యాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే శిల్పి స్తూపానికి ఆయక స్తంభాలు ఇచ్చినట్టు శాసనం దొరికింది. బంగారం దొరకలేదు.

మిగిలిన పలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మాంధాత చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తాడు. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, మణి, ఆయన రత్నాలన్నీ ఉన్నాయి. తల మీద మబ్బులు. ఆ మబ్బుల్లోంచి చతురస్రపు నాణేలు వానలా రాలుతున్నాయి.