ఆముదం మనవరాలు

పోయిన ఆదివారం మా అక్క కొడుకు మా ఇంటికొచ్చి భోజనాల బల్లమీద మూడు నూనె డబ్బాలు వరసగా నిలబెట్టాడు. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు అనుకునేరు! మూడూ కారు ఇంజన్లో పోసే నూనెలే. ఆమధ్య వాడొక కారు కొన్నాడు. మనం కూరగాయలు తెచ్చుకోడానికీ పెళ్ళిళ్ళకి వెళ్ళడానికీ కొనుక్కునే రకం కాదు. దానికి టర్బో ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. దానికి ఏ నూనె పొయ్యాలా అని పదిహేను రోజులుగా వాడికి నిద్ర లేదు. ఒక డబ్బామీద 'సింథటిక్' అనుంది. రెండోదానిమీద 'ఫుల్లీ సింథటిక్' అనుంది. మూడోదానిమీద 'ఈస్టర్' అనుంది. ఆ మూడోదాని ధర పెడితే మా ఇంట్లో రెండు నెలలు వంటనూనె వస్తుంది.

"దేంతో చేస్తార్రా వీటిని?" అని అడిగాను.

"అదంతా పెద్ద కెమిస్ట్రీ పిన్నీ, నీకెందుకు?" అన్నాడు.

నేను బి.ఏ. చదివానని వాడికి తెలుసు. ఇంజను నూనె విషయంలో నాకూ ఒక అనుభవం ఉందనీ, అది డబ్బిచ్చి కొనుక్కున్న అనుభవమనీ మాత్రం తెలీదు. పదకొండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాను. నకిరేకల్ దాటాక, స్టీరింగు ముందు ఎర్రటి బొమ్మ ఒకటి వెలిగింది. చూడ్డానికి అల్లావుద్దీన్ దీపంలా ఉంది. ముచ్చటగా ఉందే అనుకుని ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పోనిచ్చాను. అప్పుడు కారు గట్టిగా ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇంజను పట్టేసింది. అడుగునున్న మూత వదులై నూనెంతా దారి పొడుగునా కారిపోయిందిట.

"ఆ దీపం వెలిగితే ఆపెయ్యాలమ్మా. నూనె లేకపోతే ఇనుము ఇనుమును తినేస్తది" అన్నాడు వచ్చిన మెకానిక్కు. గాజులు చేయించుకుందామని నేను దాచుకున్న సొమ్మంతా ఆ ఇంజను తినేసింది. కారుని లాక్కెళ్ళే బండి వచ్చేదాకా, రెండు గంటలసేపు రోడ్డు పక్క చేను గట్టున కూర్చున్నాను. అది ఆముదం చేను. ఆ చేనుకీ నా ఇంజనుకీ దగ్గర చుట్టరికం ఉందని అప్పటికి నాకు తెలీదు.

తర్వాత కసికొద్దీ చదివాను. చదివిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆముదం అనగానే మనకి గుర్తొచ్చేది మొహం. 'ఆముదం తాగిన మొహం' అంటాం కదా, అది. చిన్నప్పుడు మా అమ్మమ్మ నా ముక్కు పట్టుకుని గుటక వేయించిన రోజులు నేనింకా మర్చిపోలేదు. కానీ ఆవిడ ఇంట్లో ఆముదం మందు ఒక్కటే కాదు. తలకి అదే, దీపానికి అదే, కాల్చిన గడ్డి మసి కలిపి బండి ఇరుసుకి పెట్టే కందెన కూడా అదే. తిరిగే వస్తువుకీ దాన్ని మోసే వస్తువుకీ మధ్య రాపిడి లేకుండా ఒక సన్నటి పొర నిలబడాలి. ఎంత బరువు పడ్డా ఆ పొర చిరగకూడదు. ఆముదానికి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. చిక్కటిది, జిడ్డుది, లోహాన్ని పట్టుకుని వదలదు. ఎడ్లబండి తోలేవాళ్ళకి తరతరాలుగా తెలిసిన ఆ సంగతి ఇంగ్లీషు దొరలకి మోటార్లు వచ్చాక పనికొచ్చింది.

లండన్లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో నూనెల కంపెనీ పెట్టాడు. అప్పుడే కొత్తగా వస్తున్న కార్లకీ విమానాలకీ సరిపడే నూనె కోసం వెతికి, ఖనిజపు నూనెలో ఆముదం కలిపాడు. 1909లో దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆముదాన్ని కాస్టర్ ఆయిల్ అంటారు కదా, ఆ మాటనే కాస్త నొక్కి పొట్టి చేశాడన్నమాట. ఈ రోజు ఏ ఊళ్ళో పెట్రోలు బంకు పక్క చూసినా కనబడే ఆ పేరులో మన ఆముదం దాక్కుని ఉంది.

ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో సెగాఁ సోదరులు నోమ్ అనే విమానపు ఇంజను తయారుచేశారు. చిత్రమైన ఇంజను. మామూలుగా ఇంజను కదలకుండా ఉండి లోపలి కడ్డీ తిరుగుతుంది. ఇందులో కడ్డీ కదలదు, మొత్తం ఇంజనే పంకాతోపాటు గిర్రున తిరుగుతుంది. దీన్లో పెట్రోలూ నూనే ఒకే గదిలోంచి పోవాలి. ఖనిజపు నూనె అయితే పెట్రోల్లో కరిగి పలచబడిపోతుంది. ఆముదం పెట్రోల్లో కరగదు. అంచేత దానికి ఆముదమే గతి. అయితే పోసిన ఆముదం మళ్ళీ వాడుకోడానికి మిగిలేది కాదు. సగం కాలీ సగం కాలకా పొగతోపాటు పైలట్ మొహానే పడేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ విమానాలు నడిపిన కుర్రాళ్ళు మెడకి పట్టు గుడ్డలు చుట్టుకునేవారు, కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ పోరాడేవారు. గంటల తరబడి ఆముదపు పొగ పీలిస్తే కడుపు ఏమవుతుందో మా అమ్మమ్మ చేతిమీదుగా పెరిగిన ఎవరికైనా చెప్పక్కర్లేదు. ఆకాశంలో శత్రువు ఒకపక్క, కడుపులో ఆముదం ఒకపక్క!

నవ్వులాటకి చెప్పానుగానీ, ఆ యుద్ధంలో ఆముదం తుపాకిమందుతో సమానమైన సరుకు. సముద్రం దారులు మూసేయడంతో జర్మనీకి ఆముదం దొరకలేదు. బదులుగా వాడిన మారునూనెతో ఆ రకం ఇంజన్లు వేడెక్కి చెడిపోయేవి. అమెరికా యుద్ధంలోకి దిగాక ఫ్లారిడా మొదలైన దక్షిణాది రాష్ట్రాల్లో రైతులచేత ఆముదం వేయించింది. దానికి విత్తనం మన దేశం నుంచి ఓడలో వెళ్ళింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మనం వెటకారంగా అంటాం. ఆ రెండు మూడేళ్ళూ అది నిజంగానే మహావృక్షం.

యుద్ధం అయ్యాక పందెపు కార్లు ఆముదాన్ని అందుకున్నాయి. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందేల బాటమీద కాలిన ఆముదం వాసన గుప్పుమనేదని పాతవాళ్ళు మురిసిపోతూ రాసుకున్నారు. అందరికంటే నాకు నచ్చిన మనిషి ఆమీ జాన్సన్. చేపల వర్తకుడి కూతురు. లండన్లో టైపు కొట్టే ఉద్యోగం చేసుకుంటూ విమానం నడపడం నేర్చుకుంది. అంతటితో ఆగకుండా ఇంజను విప్పి బాగుచేసే లైసెన్సు కూడా సంపాదించింది. బ్రిటన్లో ఆ లైసెన్సు పొందిన మొదటి ఆడది ఆవిడే. ఒక పాత విమానం కొనడానికి సగం డబ్బు తండ్రి ఇస్తే, తక్కిన సగం మన నూనెల లార్డ్ వేక్‌ఫీల్డ్ ఇచ్చాడు. 1930 మే 5న ఒంటరిగా ఇంగ్లండులో బయల్దేరి 24న ఆస్ట్రేలియాలో దిగింది. దారిలో పెట్రోలు చాలక ఝాన్సీలో కవాతు మైదానంలో దిగాల్సి వచ్చింది. రోజంతా ఎగిరి, రాత్రి దిగాక తన ఇంజను తనే చూసుకునేది. ఎర్ర దీపాన్ని చూసి ముచ్చటపడ్డ నాకు ఆవిడ పేరెత్తే అర్హత లేదు, నిజమే.

ఇంత గొప్ప ఆముదానికీ ఒక పెద్ద లోటుంది. వేడికి బంకలా మారుతుంది. మూకుడు అంచున ఏళ్ళ తరబడి మాడిన నూనె ఎలా పట్టుకుంటుందో, ఇంజను లోపల అలా పట్టుకుంటుంది. పందెం అయిన ప్రతిసారీ ఇంజను విప్పి తోముకోవాలి. పందెగాళ్ళకి మెకానిక్కులున్నారు, సంసారులకి ఎక్కణ్ణించి వస్తారు? అంచేత మామూలు కార్లకి భూమిలోంచి తీసిన ఖనిజపు నూనే స్థిరపడింది. దాని తగువు వేరు. అందులో పెద్దా చిన్నా అణువులన్నీ కలగలిసి ఉంటాయి, మైనం కూడా ఉంటుంది. చలికి పేరుకుపోతుంది, వేడికి నీళ్ళలా పలచబడుతుంది. పుష్యమాసంలో నెయ్యి డబ్బాతో మనం పడే అవస్థే.

1930ల్లో జర్మనీలో హెర్మన్ జోర్న్ అనే శాస్త్రజ్ఞుడు ఆముదంలాంటి నూనెల్లో ఉన్న జారుడు గుణాన్ని ఉంచి, బంక కట్టే గుణాన్ని తీసెయ్యాలని పని మొదలుపెట్టాడు. ఆమ్లాన్నీ ఆల్కహాల్నీ కలిపి వందలకొద్దీ కొత్త నూనెలు తయారుచేశారు. వీటినే ఈస్టర్లంటారు. రష్యా సరిహద్దుల గడ్డకట్టే చలిలో జర్మను సైన్యానికి అవి పనికొచ్చాయి. తర్వాత జెట్ విమానాలొచ్చాయి. వాటి వేడికి ఖనిజపు నూనె నిలవలేదు. అప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో జెట్ ఇంజన్లకి వాడిన మొదటి తరం ఈస్టర్లలో ముఖ్యమైనవి సెబాసిక్ ఆమ్లంతో చేసినవి.

ఈ సెబాసిక్ ఆమ్లం ఎక్కణ్ణించి వస్తుందో చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆముదాన్ని కాస్టిక్ సోడాతో బాగా వేడిచేస్తే అణువు రెండుగా చీలిపోతుంది. అందులో ఒక ముక్క నుంచి వచ్చేదే సెబాసిక్ ఆమ్లం! ఇప్పటికీ దాన్ని ఎక్కువగా ఆముదం నుంచే తీస్తున్నారు. మూకుట్లోంచి గెంటేసిన అమ్మమ్మ, మనవరాలి వేషంలో వీధి గుమ్మంలోంచి మళ్ళీ వచ్చిందన్నమాట.

జెట్ల నుంచి కార్లకి రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1971లో ఫ్రాన్సు కంపెనీ మోటుల్ పందెపు కార్ల కోసం ఈస్టరు నూనె తెచ్చింది. అమెరికాలో ఆల్ అమటూజియో అనే యుద్ధవిమానాల పైలట్, జెట్లకి మంచిదైన నూనె కార్లకెందుకు మంచిది కాదని ఆలోచించి 1972లో ఆమ్‌సాయిల్ తీసుకొచ్చాడు. 1974లో మొబిల్ 1 వచ్చింది. ఇది ఈస్టరు కాదు. ఇథిలీన్ వాయువుతో మొదలుపెట్టి, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండేలా అణువులని కూర్చిన నూనె. దీన్ని పి.ఏ.ఓ. అంటారు. అచ్చులో వత్తిన జంతికల్లా ఉంటాయనుకోండి. మైనం ఉండదు గనక ఎంత చలిలోనైనా పారుతుంది. కాకపోతే ఇంజన్లో రబ్బరు బిళ్ళల్ని కొంచెం కుదించేస్తుంది. ఈస్టరేమో వాటిని ఉబ్బిస్తుంది. చివరికి రెండూ తగుపాళ్ళలో కలిపితే సరిపోయింది. పులుపెక్కువైన పులుసులో బెల్లం వేసినట్టు! 1992లో షెవర్లే కంపెనీ తన కార్వెట్ కారుని ఫ్యాక్టరీలోనే మొబిల్ 1 పోసి పంపింది. ఆ ధైర్యంతో నూనెని చల్లబరిచే సరంజామా కూడా ఎత్తేసింది.

ఇక డబ్బామీది మాటల సంగతి. 1990ల చివర కాస్ట్రాల్ తన సింథటిక్ నూనెలో పి.ఏ.ఓ. మానేసి, ఖనిజపు నూనెనే హైడ్రోజన్‌తో బాగా శుద్ధిచేసి వాడడం మొదలుపెట్టింది. పేరు మాత్రం సింథటిక్కే. మొబిల్‌వాళ్ళు అమెరికాలో ప్రకటనల తగువులు తీర్చే సంఘానికి వెళ్ళారు. 1999లో తీర్పు కాస్ట్రాల్‌కి అనుకూలంగా వచ్చింది. అణువుల్ని అంతగా మార్చాక దాన్ని కూడా సింథటిక్ అనొచ్చన్నారు. జర్మనీలో మాత్రం అలా శుద్ధిచేసిన నూనెని 'పూర్తి సింథటిక్' అని అమ్మనివ్వరు. ఒకే నూనె ఒక దేశంలో నెయ్యి, ఇంకో దేశంలో డాల్డా! నన్నడిగితే జర్మనీవాళ్ళదే న్యాయం. నాణ్యం తక్కువని కాదు. శుద్ధిచేసిన నూనె కూడా మంచి మందులు కలిపితే మనలాంటివాళ్ళ కార్లకి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ కొనేవాళ్ళకి ఏం కొంటున్నారో తెలియాలి కదా.

ఇదంతా మావాడికి చెప్పాను. మధ్యలో రెండుసార్లు కాఫీ అయింది.

"అయితే ఈస్టరే పొయ్యమంటావా?" అన్నాడు ఆశగా.

"పందేలకి వెళ్తున్నావా?" అన్నాను. ఈస్టరు లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, విపరీతమైన వేడికి ఆగుతుంది, నిజమే. కానీ తడి తగిలితే మెల్లమెల్లగా విరిగిపోతుంది. పందెగాళ్ళు నూనెని తరచు మార్చేస్తారు గనక వాళ్ళకి ఆ బెంగ లేదు. వారమంతా కారుని ఇంటిముందు పెట్టి, ఆదివారం మాత్రం బయటికి తీసేవాడికి అదెందుకు? వీడి టర్బో నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దానికి వేడికి మాడిపోని నూనె కావాలి. అది ఏదో కారు చేసినవాళ్ళు రాసే ఉంటారు.

"కారుతో పుస్తకం ఇచ్చారు కదరా, చూశావా?"

చూళ్ళేదుట. డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. తెచ్చి, పేజీలు తిప్పి, అందులో రాసిన అంకెలూ అక్షరాలూ డబ్బాల వెనక చిన్నక్షరాలతో పోల్చి చూశాం. రెండో డబ్బాకి అన్నీ కలిశాయి. మూడోదానిమీద ఆ ముద్రే లేదు. మొదటిది చిక్కదనంలో తేడా.

మూడోది వాపసు తీసుకుంటారో లేదోనని గొణుక్కుంటూ లేచాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నూనె ఎంతుందో కొలిచే కడ్డీ తుడవాలి, పాతగుడ్డ ఏమన్నా ఉందా పిన్నీ?" అన్నాడు. నా పాత నేతచీర ఒకటి చింపి ఇచ్చాను.