దండెము: మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల రజకవృత్తి చరిత్రమున మఱవబడిన యధ్యాయము

మన వృత్తిచరిత్రమును వ్రాయబూనినవారు తఱచుగా రేవును గూర్చి వ్రాసిరి. బండను గూర్చి వ్రాసిరి. చవుటిమంటిని, ఉబ్బను, గాడిదను గూర్చియు వ్రాసిరి. ఉదికిన బట్ట యెక్కడ ఆఱినది, ఎవరి నేలపై ఆఱినది, ఆ నేల యిప్పుడేమైనది యను ప్రశ్నను మాత్రము అడిగినవారు మిక్కిలి తక్కువ. ఉదుకుట సగము పని; ఆఱవేయుట తక్కిన సగము. ఆఱని బట్ట యెంత తెల్లనిదైనను యజమాని యింటికి చేరదు. చేరనిదే కూలి రాదు. కావున ఈ సంచికను చదువు కులబాంధవులకును, మన సంఘమును ఆదరించుచున్న పోషకమహాశయులకును ఆ రెండవ సగమును గూర్చి, మన పడమటి సీమలోని మూడు ఊళ్లను ఆధారముగా గొని, కొంత విన్నవింప దలచితిని.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మైసూరు పీఠభూమి యంచున సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నవి. పూర్వము మదనపల్లె కడప మండలములోనిది. పుంగనూరును, కుప్పము ముఖ్యస్థానముగా గల కంగుంది సీమయు ఉత్తరార్కాటు మండలములోని జమీందారీలు. 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు మండలము ఏర్పడినపుడు మదనపల్లె కడపనుండి విడివడి అందు చేరెను. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు గతించెను. 2022లో మదనపల్లె క్రొత్తగా నేర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరెను. ఏలికలు మాఱినను, ఎల్లలు మాఱినను, ఈ మిట్టసీమ గాలి మాత్రము పొడిగాలియే. ఎండ కాయును, గాలి వీచును, గాలిలో తేమ తక్కువ. తీరపు ఊళ్లలో పగలంతయు పట్టు బట్ట యిక్కడ పూట లోపల ఆఱును. కార్తికమాసపు తుపాను ముసురు మాత్రమే దీనికి అపవాదము.

ఈ సీమకు నీరు కఱవు. మదనపల్లె బాహుదానదియు, కుప్పపు సీమ గుండ పాఱు పాలాఱును సంవత్సరములో ననేకమాసములు ఇసుకయై యుండును. ఆ దినములలో మనవారు ఏటి యిసుకలో చెలమలు త్రవ్వి నీరు తోడి ఉదికిరి. ఆ యిసుకమీదనే బట్టలు పఱచిరి. ఏఱెండినపుడు ఉదుకుటకు నీరు లేదు గాని, ఆఱవేయుటకు చోటు మాత్రము కావలసినంత దొరకెడిది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదను. దీనితో వ్యాసాంతమున పని యున్నది.

మన వృత్తికి శాస్త్రములలో చోటు తొల్లిటినుండియు గలదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నాలుగవ యధికరణమునందు రజకులు కొయ్యపలకలమీదనో, నున్నని రాళ్లమీదనో ఉదుకవలెనని విధింపబడినది. అన్యత్ర ఉదికి బట్ట చింపినచో నష్టమును, ఆఱు పణముల దండుగును. ముద్గరపు గుఱుతు లేని యితరుల బట్టను ధరించినచో మూడు పణములు. పరుల బట్టను అమ్మినను, అద్దెకిచ్చినను, కుదువబెట్టినను పండ్రెండు పణములు. తెల్లబట్టలకు, రంగుబట్టలకు వేఱువేఱు గడువులును అందు నిర్ణయింపబడినవి. మనుస్మృతియు ఎనిమిదవ యధ్యాయమున ఒకరి బట్టలను మఱియొకరి బట్టలతో కలుపరాదని చెప్పుచున్నది. గడువును విధించినది రాజు. దానిని సాగనిచ్చునది సూర్యుడు. మబ్బు పట్టిన దినమున రజకుడు తప్పు చేయకయే దండుగకు లోనగు నవకాశము ఆనాటినుండియు నున్నదని దీనివలన ఊహింపవచ్చును.

ఈ యూహకు పురాణగాథ సాక్ష్యమిచ్చుచున్నది. పాలాఱు కుప్పపు సీమను దాటి తమిళదేశము ప్రవేశించి కాంచీపుర ప్రాంతముమీదుగా సముద్రమును చేరును. ఆ కంచిలోనే అఱువదిమూవురు నాయనార్లలో నొకడగు తిరుక్కురిప్పుత్తొండ నాయనారు రజకవృత్తితో జీవించెను. పండ్రెండవ శతాబ్దమున శేక్కిళారు రచించిన పెరియపురాణము ఆయన కథను చెప్పుచున్నది. ఈశ్వరుడు బీదభక్తుని వేషమున, చలికాలమున, మాసిన చింకిగుడ్డతో వచ్చి, ప్రొద్దు క్రుంకులోపల ఉదికి ఆఱవేసి యిమ్మని యడిగెను. నాయనారు మాట యిచ్చెను, ఉదికెను, ఇంతలో వాన పట్టెను, సాయంకాలమైనను విడువదాయెను. చలికి వణకు భక్తునకు తడిగుడ్డ యెట్లిత్తునని తలచి ఆయన తన తలను ఉదుకుబండకు కొట్టుకొనబోగా, ఆ బండనుండియే శివుని హస్తము వెలువడి అడ్డుకొనెను. నాయనారు ఉదుకుటలో లోపము చేయలేదు. ఆయనకు వచ్చిన యాపద యంతయు ఆఱకపోవుటవలన వచ్చినదే. మన వృత్తిలోని నిజమైన కష్టమును ఎఱిగినవారే యీ కథను చెప్పియుందురు.

మఱియొక దిక్కున కన్నడదేశము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరునితో కూడియున్న మడివాలు మాచయ్య మన వృత్తివాడే. ఆయన చరితమును పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున చేర్చెను. కుప్పమువంటి మూడుభాషల కూడలిలో మనవారిని తెలుగువారు చాకలివారనియు, కన్నడిగులు మడివాళరనియు, తమిళులు వణ్ణారనియు పిలుతురు. పిలుపులు మూడైనను దండెము ఒక్కటే.

వృత్తిరహస్యములలో ఆఱవేయు విద్య మిక్కిలి సూక్ష్మమైనది. తెల్లని నూలుబట్టను తీవ్రమగు ఎండలో విప్పి పఱతురు. తేమ, గాలి, వెలుతురు మూడును కలిసి దానిలోని పసుపుచాయను పోగొట్టును. రంగుబట్టను లోవైపు పైకి త్రిప్పి నీడపట్టున వేయుదురు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గములనుండి వచ్చునట్టి పట్టుచీరను ఎండ మొగము చూడనీయరు. గంజి పెట్టిన బట్టను మడతలు లేకుండ లాగి వేయుదురు. ఇస్త్రీకి పోవలసినదానిని కొంచెము చెమ్మ యుండగనే తీయుదురు. రెండు త్రాళ్లను పురివెట్టి బిగించి, ఆ పురినడుమ బట్ట కొనను దూర్చినచో కొయ్యబిళ్లలతో పనిలేకయే గాలికి ఎగురక నిలుచును. ఊరి బట్టలన్నియు ఒక్క దండెమున నున్నను, జీడిగింజ రసముతో పెట్టిన గుఱుతునుబట్టి ఏ బట్ట యే యింటిదో, అక్షరము రాని యిల్లాలు సైతము తడవుకొనక చెప్పగలదు. ఈ విద్యలో మన స్త్రీల పాలు పురుషుల పాలికంటె తక్కువది కాదు.

ఈ యెండవిద్యయే ఒకప్పుడు మన దేశపు బట్టకు పరదేశములలో పేరు తెచ్చినవానిలో నొకటి. మగ్గమునుండి దిగిన బట్ట తెల్లబడనిదే ఓడ యెక్కదు. తూర్పు ఇండియా కంపెనీవారి బట్టలను చలువచేయు రజకులు స్థిరపడుటవలననే చెన్నపట్టణమున వణ్ణారపేట వెలసెను. ఐరోపాలోను బట్టను పచ్చికబయళ్లపై నెలలతరబడి ఎండకు పఱచెడివారు. 1799లో స్కాట్లండు దేశీయుడగు టెనంటు తెలుపు చేయు చూర్ణమునకు అధికారపత్రమును పొందిన తరువాత ఆ బయళ్లు క్రమముగా ఖాళీ యయ్యెను. నేలతో జరుగు పని రసాయనముతో జరుగసాగెను.

గ్రామములలో మనవారికి చాకలిమాన్యములును, కళ్లములో ధాన్యపు మేరయు నుండెడివి. దానికి ప్రతిగా ఉదుకుటయే గాక పెండ్లిలో మేలుకట్టు కట్టుట, పావడలు పఱచుట, ఉత్సవములలో దివిటీ పట్టుట మొదలగు సేవలును మనపైబడెను. పెక్కుచోట్ల అది వెట్టియైపోయెను. 1950 నాటి రాజ్యాంగము 23వ యధికరణమున వెట్టిని నిషేధించెను. 1956 నాటి యినాముల రద్దు చట్టముతో మాన్యములకు రైతువారీ పట్టాలిచ్చు పద్ధతి వచ్చెను. అంతకు పూర్వమే తెలంగాణమున పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను నిలుపుకొనెను. ఆమె 1985 సెప్టెంబరు 10న కీర్తిశేషురాలయ్యెను. 2024లో హైదరాబాదులోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడబడెను.

మన గొప్ప చెప్పుకొనునపుడు చెప్పవలసిన చేదునిజము ఒకటి గలదు. ఊరిబట్ట లన్నియు ఒక దండెముపై నాఱినవంటిమి; మాలమాదిగ వాడల బట్టలు మాత్రము పెక్కు గ్రామములలో ఆ దండెమునకు రానీయబడలేదు. పై కులములు మనకు చూపిన యెడము మనము క్రిందివారికి చూపితిమి. 1955 నాటి అస్పృశ్యతానేరముల చట్టము సేవ నిరాకరించుటయు నేరమేనని నిర్ణయించెను. సమాన గౌరవమును కోరువారు దానిని ముందుగా ఇచ్చినవారై యుండవలెను గదా.

ఇక ఎండకు గల మఱియొక గుణము. 1877లో ఇంగ్లాండున డౌన్సు, బ్లంటు అను నిరువురు శాస్త్రజ్ఞులు సూర్యకాంతి సూక్ష్మజీవులను చంపునని ప్రయోగపూర్వకముగా చూపిరి. 1882లో క్షయక్రిమిని కనుగొనిన కాకుగారు, 1890లో ఆ క్రిమి సూర్యకాంతికి నిలువజాలదని ప్రకటించిరి. ఆ దినములలో క్షయకు మందు లేదు. పొడిగాలి, వెలుతురు, విశ్రాంతి యివియే చికిత్స. అట్టి గాలిని వెదకుచు క్రైస్తవమిషనులవారు మదనపల్లెకు వచ్చి, డేన్మార్కు వైద్యుడగు ఫ్రిమోట్ మోలరుగారి యాధ్వర్యమున 1915లో ఆరోగ్యవరమున క్షయచికిత్సాలయమును తెఱచిరి. దక్షిణదేశపు రోగులను ఇక్కడికి రప్పించిన గాలియు, మన తాతల బట్టల నాఱ్చిన గాలియు ఒక్కటే. బట్టను బాగుగా ఉదికి ఎండలో నాఱవేయుట శుభ్రతకు మాత్రమే గాక ఆరోగ్యమునకును తోడు.

ఇప్పుడు ఆఱబెట్టు యంత్రము మాట. 1938 ప్రాంతమున అమెరికాలో విద్యుచ్ఛక్తితో బట్టల నాఱ్చు యంత్రములు అంగళ్లకు వచ్చెను. ఒక లీటరు నీటిని ఆవిరి చేయుటకు సుమారు 0.68 యూనిట్ల శక్తి కావలెను, ఇది ప్రకృతినియమము. ఒక వాయి బట్టలలో మూడు లీటర్ల తడి యున్నచో, వేడితో నాఱ్చు సామాన్యపు యంత్రమునకు కనీసము రెండు యూనిట్లు తప్పవు. దండెము ఆ పనినే యుచితముగా చేయును. అట్లయ్యును అమెరికాలో పెక్కు గృహయజమానుల సంఘములు, పెరటిలో బట్టలు వ్రేలాడుట వీధి యందమునకు కొఱతయని దండెములనే నిషేధించెను. దానిపై జనులు అభ్యంతరము చెప్పగా, ఫ్లారిడా 1980లోను, వెర్మాంటు, మెయిను రాష్ట్రములు 2009లోను, కాలిఫోర్నియా 2015లోను దండెము కట్టుకొను హక్కును కాపాడు చట్టములు చేసెను. మన తెలుగుబిడ్డలు అనేకులు ఆ దేశమున నున్నారు. ఇక్కడ అవ్వ కట్టిన త్రాటికి అక్కడ శాసనసభ రక్షణ కల్పింపవలసివచ్చెను.

మన దేశమున పెక్కు యిండ్లకు వచ్చిన ఉదుకుయంత్రము నీటిని పిండునే గాని బట్టను పూర్తిగా నాఱ్చదు. కావున యంత్రము మన బండను తీసికొనిపోయినను, దండెమును ఇంకను తీసికొనిపోలేదు. దానిని తీసికొనిపోవుచున్నది నేలకఱవు. చెఱువుగట్ల ప్రక్కన, ఏటి యొడ్డున, ఊరి బయట ఖాళీగా కనబడిన నేలపై మన బట్ట లాఱెడివి. ఆ నేలకు మనకు పట్టా లేదు. ఎవరును అడ్డుచెప్పకుండుటయే మన హక్కు. పట్టణము పెరిగినకొలది ఆ ఖాళీనేల యిండ్లస్థలముగా మాఱును. అప్పుడు మనవారు నోరు మెదపుట కాధారము లేదు.

నేల యెంత కావలెనో లెక్క చూతము. ఏడున్నర అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల దుప్పట్లు నూఱింటిని నేలపై పఱచిన 3,750 చదరపు టడుగులు, అనగా ఎనిమిదిన్నర సెంట్లకు మించిన నేల కావలెను. ఏబదేసి అడుగుల త్రాళ్లు పదింటిని నాలుగేసి అడుగుల యెడముతో కట్టినచో ఆ నూఱు దుప్పట్లే అయిదు సెంట్లలోపల ఆఱును. ఈ చిన్నలెక్క మన కోరికకు కొలత నిచ్చుచున్నది. ఇది కొండంత కోరిక కాదు.

కావున మన మహాసభ ఆలోచింపదగిన విషయములు మూడు గలవు. మొదటిది: ఎక్కడ చాకిరేవు కట్టింపబడినను బండలు, నీటితొట్లతోపాటు దండెపు నేలయు పటములోనే చూపబడవలెను. రెండవది: ఇప్పుడు మనవారు బట్టలాఱవేయు స్థలములను ఊరూరను కొలిచి, సర్వే నంబరుతోసహా సంఘపు పుస్తకమున వ్రాయించి, గ్రామపంచాయతీలకు, పురపాలకసంఘములకు మహజరు లిచ్చుకొనవలెను, పండ్రెండవ శతాబ్దపు కథ పుస్తకమున నిలిచినది గాని, నిన్నటి మన నేల కాగితమున లేదు. మూడవది: ముసురుదినముల కొఱకు గాలి యాడునట్టి రేకులసాల యొకటి ప్రతి రేవునందును ఉండవలెను. నాయనారునకు బండనుండి హస్తము వచ్చెను. మనకు మనవారి చేయియే తోడు.

మన బిడ్డలు చదివి వేఱు వృత్తులకు పోవుట సంతోషకరమే. ఎవరును పుట్టుకచేత రేవునకు కట్టుబడి యుండరాదు. అయినను ఈ వృత్తిలో నింకను బ్రదుకుచున్న కుటుంబములు నిలువనీడ వెదకునట్లు నిలువనెండను వెదకు దుర్దశ రాకుండ చూచుట, చదివినవారికిని, కలిగినవారికిని, మన పోషకమహాశయులకును ధర్మము. ఎండ యందఱిది, అది పడు నేలలో అయిదు సెంట్లు మనవారి దండెమునకు మిగులునుగాక.