బొబ్బట్ల నుంచి చిలకల దాకా: తెలుగు ఇంటి ఎదుగుదల పట్టిక

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. గడప దాటితే గారెలు. అడుగులేస్తే అరిసెలు. మాటలొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంటకం మారవచ్చు. పాకినప్పుడు పాయసం వండే ఇళ్ళూ ఉన్నాయి. వరస మాత్రం దాదాపు ఒకటే. వీటిని వేడుకల కింద జమకట్టి జానపద విజ్ఞానానికి అప్పగించి ఊరుకున్నాం. నిజానికి ఇది కాగితం మీద పెట్టని ఎదుగుదల పట్టిక. శిశువికాస శాస్త్రం శారీరక, మేధో, భాషా, సాంఘిక వికాసాలని నాలుగు అధ్యాయాలుగా విడదీసి చెప్పేదాన్ని ఈ పట్టిక ఒకే వరసలో పెట్టింది. అలా పెట్టడంలో ఎంత సత్యం ఉంది, ఎక్కడ లోపం ఉంది అన్నది ఈ వ్యాసంలో చూడదలచుకున్న విషయం.

ముందు ఆ పేర్ల కూర్పు చూద్దాం. బోర్లా–బొబ్బట్టు, కూర్చోవడం–కుడుము, గడప–గారె, అడుగు–అరిసె: అన్నీ తొలి అక్షరం కలిసిన జంటలే. రాత రానివాళ్ళు కూడా మరిచిపోకుండా ఉండడానికి ప్రాస పనికొచ్చింది. చివరి మెట్టు దగ్గర ఆ ప్రాస తెగింది. మాటకు ‘మ’తో మొదలయ్యే వంటకాలు లేక కాదు. అక్కడ శబ్దం కన్నా అర్థం ముఖ్యమైంది: మాట అనగానే చిలక గుర్తుకొచ్చింది. మాట దగ్గరికి వచ్చేసరికి సంప్రదాయం తన పద్ధతినే మార్చుకోవడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఈ పట్టికలో నెలలు లేవు. ‘ఆరో నెలలో కూర్చోవాలి’ అని ఎక్కడా లేదు. కూర్చున్న రోజున కుడుములు వండుతారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో 816 మంది పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన ఫలితాలతో దీన్ని పోల్చవచ్చు. మన దేశం నుంచి ఆ అధ్యయనంలో ఉన్నది దక్షిణ ఢిల్లీ పిల్లలు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలలకు జరగవచ్చు, 9.2 నెలలకూ జరగవచ్చు. దోగాడడానికి 5.2 నుంచి 13.5 నెలల వ్యవధి ఉంది. సొంతంగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. పక్కింటి బిడ్డ పదో నెలలో నడిచిందని, మన బిడ్డకు పదిహేనో నెల వచ్చినా నడక రాలేదని దిగులుపడే తల్లికి ఈ అంకెలు ఎంత ఊరటో! ఇంకో సంగతి: ఆ పిల్లల్లో 4.3 శాతం మంది చేతులు, మోకాళ్ళ మీద దోగాడనే లేదు. ఆ మెట్టు ఎక్కకుండానే నడిచారు. అంటే పాకినందుకు పాయసం వండని ఇంట్లో కూడా అరిసెలు వండే రోజు వస్తుంది.

గడప దాటడం అన్న మెట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో లేదు, ఉండే వీలూ లేదు. అది మన ఇంటి కట్టడంలోంచి పుట్టింది. ఎత్తు గడప ముందు ఆగిన బిడ్డను గమనించినవాళ్ళకు తెలుస్తుంది: చెయ్యి అవతల పెట్టి చూస్తుంది, వెనక్కి తీస్తుంది, తల తిప్పి అమ్మ ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు గురించే 1985లో ఒక ప్రసిద్ధ పరిశోధన వెలువడింది. అద్దం పరిచిన బల్ల కింద లోతు ఉన్నట్టు కనిపించే ఏర్పాటు చేసి, ఏడాది వయసు పిల్లలను ఒక చివర ఉంచారు. రెండో చివర తల్లి. తల్లి ముఖం నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. ఆమె ముఖంలో భయం కనిపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. కాళ్ళూ చేతులూ కదపడం శారీరక వికాసం, లోతును అంచనా వేయడం మేధో వికాసం, అమ్మ ముఖాన్ని చదవడం సాంఘిక వికాసం అని పుస్తకం వేరు చేస్తుంది. గడప దగ్గర ఈ మూడూ ఒక్క క్షణంలో జరిగిపోతాయి.

కదలిక వచ్చాక బుద్ధి కూడా మారుతుందని కెర్మోయన్, కాంపోస్ 1988లో చూపారు. దాచిన వస్తువును వెతకడంలో, ఒకే వయసు పిల్లల్లో కూడా, పాకడం అలవాటైనవాళ్ళు ముందున్నారు. తానే కదిలి వెళ్ళిన బిడ్డకు వస్తువు ఒక వైపు నుంచి కనిపించక, మరో వైపు నుంచి కనిపిస్తుంది. కళ్ళకు కనబడనంత మాత్రాన అది లేకుండా పోలేదని ఆ తిరుగుడులోనే తెలుస్తుంది. దాగుడుమూతలకు పునాది అక్కడే పడుతుంది.

ఇక నడక. కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో లెక్కగట్టింది: 12 నుంచి 19 నెలల పిల్లలు సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఇన్నిసార్లు పడినా మళ్ళీ పాకడానికి దిగకుండా నడవడానికే తెగించడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ‘తప్పటడుగు’ అన్న మాటకు తెలుగులో తప్పు అడుగు అనే కాదు, నేర్చుకుంటున్న అడుగు అని కూడా అర్థం. ఆ అడుగుల కోసం అరిసెలు పరిచి వాటి మీద బిడ్డను నడిపించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

అరిసెల తర్వాత చిలకలు రావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. నడిచే బిడ్డ చేతులు ఖాళీగా ఉంటాయి. పాకే బిడ్డ తనకు దొరికిన గరిటెను అక్కడే నోట్లో పెట్టుకుంటే, నడిచే బిడ్డ దాన్ని వంటింట్లో ఉన్న అమ్మ దాకా మోసుకెళ్తుంది. ఈ తేడాను కరాసిక్, తామిస్-లెమోండా, అడాల్ఫ్ 2011లో గుర్తించారు. అమ్మ ఊరుకోదు కదా! ‘ఏంటమ్మా, గరిటె తెచ్చావా? నాకిస్తావా? తాతకిస్తావా?’ అంటుంది. ఒక వస్తువు, ఒక పేరు, ఒక పని, ఇద్దరు మనుషులు. 2014లో వాలే, కాంపోస్ చేసిన అధ్యయనంలో నడక మొదలైన పిల్లల పదసంపద, వయసుతో నిమిత్తం లేకుండా, ఎక్కువగా ఉంది. కాలు మాటకు దారి వేసిందనడం కవిత్వం కాదు.

మాటల దగ్గర కొంచెం ఆగాలి. పలుకు రాకముందే వినికిడి చాలా దూరం ప్రయాణించి ఉంటుంది. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ ఇంగ్లిష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు హిందీలోని ట, త ధ్వనుల తేడా వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడా పట్టుకున్నారు; పది పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ పని చేయగలిగినవాళ్ళు చాలా తక్కువ. ‘పాట’కూ ‘పాత’కూ తేడా మన బిడ్డ చెవికి నిలిచి ఉండడానికి కారణం పుట్టుకతో వచ్చిన ప్రత్యేకత కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ ఆ తేడాతో మాట్లాడడం. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే తెలుగు బిడ్డకు ఏడాది లోపు ఇంట్లో తెలుగు వినబడాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ఆ తెలుగు ఫోనులో బొమ్మల పాటలు పెడితే అబ్బుతుందా? పెట్రీషియా కుల్ బృందం 2003లో ప్రకటించిన ప్రయోగం చూడండి. అమెరికాలో తొమ్మిది నెలల పిల్లల దగ్గర ఒక మనిషి కూర్చుని మాండరిన్‌లో కథలు చెప్పి ఆడిస్తే, పన్నెండు విడతల్లో వాళ్ళు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషి, అవే మాటలు తెర మీద చూపితే ఏమీ అంటలేదు. అయితే తెర అంతా ఒకటి కాదు. 2014లో రోజ్‌బెరీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ రెండేళ్ళు దాటిన పిల్లలతో చేసిన పరిశీలనలో, వీడియో కాల్‌లో బిడ్డ స్పందనకు అప్పటికప్పుడు బదులిచ్చే మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చుకున్నారు. గుంటూరు నుంచి నానమ్మ రోజూ ఫోనులో కనిపించి ‘బువ్వ తిన్నావా?’ అని అడిగి, జవాబు కోసం ఆగితే అది పనికొచ్చే పనే. ఆ ఆగడంలోనే ఉంది సంగతంతా. ‘ఊ కొట్టడం’ అన్న మన మాటకు శాస్త్రీయమైన బరువు ఇక్కడే వస్తుంది: చెప్పేవాడు ఆగాలి, వినేవాడు ఊ అనాలి.

బువ్వ, లాలా, జేజి, బూచి, ఉచ్చ, బజ్జో: పెద్దలు పిల్లలతో వాడే ఈ మాటల్ని ముద్దు కోసం చెడగొట్టిన భాష అనుకునేవారు ఉన్నారు. ఇలాంటి ప్రత్యేక పదజాలం ఎన్నో భాషల్లో ఉందని భాషావేత్త ఫెర్గూసన్ 1964లో ఆరు భాషలను పోల్చి చూపాడు. వాటిలో మరాఠీ ఒకటి. తెలుగు మాటల్లో కూడా పెదవులతో, పళ్ళ దగ్గర పుట్టే అక్షరాలే ఎక్కువ. జంట అక్షరాలు, రెట్టింపు అక్షరాలు ఎక్కువ. పిల్లల నోటికి ముందు అందేవి అవే. అమ్మ, నాన్న, అత్త, తాత, అవ్వ అన్న చుట్టరికపు పేర్లన్నీ ఆ మూసలోవే. ‘అక్క’లో కొండనాలుక వైపు నుంచి రావలసిన ‘క’ ఉంది కాబట్టి కొందరు పిల్లలు అక్కను అత్తను చేస్తారు. ‘ర’ నిలబడేదాకా రాముడు లాముడే.

ధ్వని తర్వాత చుట్టరికం అర్థం. తెలుగు ఇంట్లో పెద్దలు బిడ్డ ముందు తమ వరసలు మార్చుకుంటారు. కోడలు అత్తగారిని ‘నానమ్మ’ అంటుంది. అత్తగారు కోడలిని ‘మీ అమ్మ’ అంటుంది. తల్లి తన గురించే ‘అమ్మ పెడుతుంది చూడు’ అంటుంది. ప్రతివారూ బిడ్డ నిలుచున్న చోటు నుంచి మాట్లాడుతున్నారన్నమాట. మరి బిడ్డ ఎప్పుడు ఎదుటివాళ్ళ చోటు నుంచి చూడడం నేర్చుకుంటుంది? ‘నీకు అన్న ఉన్నాడా?’ అంటే ఉన్నాడని చెప్పే పసివాడు, ‘మీ అన్నకు తమ్ముడు ఉన్నాడా?’ అంటే లేడంటాడు. ఈ తికమకను మనస్తత్వవేత్త పియాజే 1920ల్లో స్విస్ పిల్లల్లో గమనించాడు. వాళ్ళ భాషలో రెండు వైపులా ఒకే మాట. మన భాషలో ఇటు నుంచి అన్న, అటు నుంచి తమ్ముడు. పెద్దాచిన్నా తేడాను మాటలోనే పెట్టిన భాష, వరసకు రెండు వైపులు ఉంటాయన్న సంగతిని పిల్లలకు త్వరగా తెలియజేస్తుందా, ఇంకా చిక్కు చేస్తుందా అన్నది మన విశ్వవిద్యాలయాలు చేపట్టదగిన ప్రశ్న.

మనం, మేము తేడా ఇంకా లోతైనది. ‘మేము గుడికి వెళ్తున్నాం’ అనడానికీ ‘మనం గుడికి వెళ్తున్నాం’ అనడానికీ మధ్య వ్యాకరణం కన్నా ముందు ఒక సాంఘిక నిర్ణయం ఉంది: వింటున్న మనిషి మనలో ఉన్నాడా, లేడా? ఆ తేడా తప్పకుండా పాటించే పిల్లవాడు ఎదుటివాడి స్థానాన్ని లెక్కలోకి తీసుకుంటున్నట్టే. భాషా వికాసం, సాంఘిక వికాసం అని రెండు గడులు గీసుకుని కూర్చునే పరిశీలకుడు ఈ ఒక్క సర్వనామాన్ని ఏ గడిలో వేయగలడు?

చందమామను చూపించి అన్నం తినిపించడాన్ని కూడా ఇలాగే చూడాలి. మొదట్లో బిడ్డ అమ్మ వేలినే చూస్తుంది. కొన్నాళ్ళకు వేలు చూపిన చోటికి చూస్తుంది. ఇంకొన్నాళ్ళకు తానే వేలు చూపి, అమ్మ చూస్తోందా అని వెనక్కి తిరుగుతుంది. ఇద్దరు కలిసి మూడోదాన్ని చూడడం మాటకు, స్నేహానికి, చదువుకు మొదటి మెట్టు. పళ్ళెం ముందు ఫోను పెట్టి తినిపించేటప్పుడు ముద్ద దిగుతుంది గాని ఈ మూడో చూపు ఉండదు.

ముద్ద గురించి చెప్పకుండా ఈ మాటలన్నీ అన్యాయం అవుతాయి. అరిసెలు పంచాలంటే ఇంట్లో బియ్యం, బెల్లం ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో 1987–90 మధ్య, కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక కొలిస్తే, ఆహారం అందని ఊళ్ళ పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. అంకె చిన్నదిగా కనిపించవచ్చు. కడుపులో ఉన్నప్పుడు తల్లికి దొరికిన ముద్ద పదిహేనేళ్ళ తర్వాత ఎముకలో కనిపించడం చిన్న విషయం కాదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఒకే అంగన్‌వాడీ గదిలో తిండినీ, ఆటనూ, తూకాన్నీ, టీకానూ కలపాలనుకోవడం సరైన ఊహ. ఆ గదిలో ఆటా మాటా తూకమంత శ్రద్ధగా జరగాలి.

ఇంటి పట్టికకు ఒక పెద్ద లోపం ఉంది: అది జరిగినదాన్ని మాత్రమే గుర్తిస్తుంది. జరగనిదానికి వంటకం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని బిడ్డకూ, వేలు చూపని బిడ్డకూ ఏ పిండివంటా లేదు కాబట్టి ఆ లేమి ఎవరి కళ్ళకూ ఆనదు. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో ‘ఉంగా’ అంటుంది, కేరింతలు కొడుతుంది. ‘బబబ’, ‘దదద’ అన్న తీరు పలుకులు మాత్రం వినే పిల్లల్లో పదకొండు నెలల లోపే వస్తే, వినలేని పిల్లల్లో ఆ తర్వాతే వచ్చినట్టు ఓలర్, ఐలర్స్ 1988లో చూపారు. ఇంట్లో ఆ ఆలస్యానికి సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘వాళ్ళ నాన్నకూ మాటలు లేటే’. ఈ మాట విని రెండు మూడేళ్ళు ఎదురుచూసిన కుటుంబాలను చూశాను. వాళ్ళ ప్రేమలో లోపం లేదు. వినికిడి పరీక్ష చేయించాల్సిన కాలం గడిచిపోయింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదలలో జాప్యాన్ని కూడా తన పరీక్షల్లో చేర్చింది. ఆ పరీక్ష దాకా బిడ్డను తీసుకురావలసింది ఇల్లే.

అందుకే ఈ ఆచారాన్ని సర్వేల్లో వాడుకోవాలని నా సూచన. ‘బాబు ఏ నెలలో నడిచాడు?’ అని అడిగితే చాలామంది తల్లులు ఉజ్జాయింపుగా ఏదో ఒక నెల చెబుతారు. ‘అడుగులకు అరిసెలు ఎప్పుడు వండారు? సంక్రాంతికి ముందా, ఉగాది దాటాకా? అప్పుడు ఎవరెవరు వచ్చారు?’ అని అడిగితే తిథితో సహా చెప్పగలిగినవాళ్ళు ఉంటారు. అంగన్‌వాడీ టీచరు రిజిస్టరులో పుట్టిన తేదీ పక్కన బొబ్బట్లు, కుడుములు, గారెలు, అరిసెలు, చిలకలకు ఐదు గడులు గీయవచ్చు. ఆరో గడి ఒకటి కొత్తగా చేర్చాలి: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసిన రోజు. ఏడాది దాటాక కూడా ఆ గడి ఖాళీగా ఉంటే, బిడ్డను వినికిడి పరీక్షకు పంపాలి.