నియంతకు జనం ఎందుకు జేజేలు పలుకుతారు?



నియంత అనగానే మనకు తుపాకులు, జైళ్లు, గూఢచారులు గుర్తుకొస్తాయి. కాని బలప్రయోగం ఒక్కటే ఏ నియంతృత్వాన్నీ నిలబెట్టలేదు. దానికి ప్రజల మద్దతు కావాలి, కనీసం వారి మౌనమైనా కావాలి. ఆ మద్దతు ఎలా పుడుతుందో, అది పుదుచ్చేరిని ఎలా తాకిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒకే నాయకుడు, ఒకే పార్టీ, జాతి పేరిట వ్యక్తి హక్కుల అణచివేత, ప్రత్యర్థులపై హింస: ఇవి ఫాసిజం ముఖ్య లక్షణాలు. 1922లో ముస్సోలినీ ఇటలీలో అధికారానికి వచ్చాడు. జర్మనీలో 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం లక్షలాది మందిని వీధిన పడేసింది. 1932 జూలై నాటికి ఆ పార్టీ ఓట్లు 37 శాతానికి పెరిగాయి. ఆకలికి అవమానం, భయం తోడైనప్పుడు, అన్నీ చక్కదిద్దుతానన్న నాయకుడి వెంట జనం నడిచారు.

ఇక ఫ్రాన్స్ సంగతి చూద్దాం. 1940 జూన్‌లో ఆ దేశం జర్మనీ చేతిలో ఓడిపోయింది. దిక్కుతోచని ప్రజలకు 84 ఏళ్ల మార్షల్ పెతాన్ రక్షకుడిగా కనిపించాడు. ఆయన 1916 నాటి వెర్డన్ యుద్ధవీరుడు. జూలై 10న విషీ పట్టణంలో సమావేశమైన పార్లమెంటు 569–80 ఓట్లతో ఆయనకు సర్వాధికారాలు అప్పగించింది. ‘స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం’ స్థానంలో ‘శ్రమ, కుటుంబం, మాతృభూమి’ అన్న నినాదం వచ్చింది. అక్టోబరులో యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం వెలువడింది. 1942 జూలైలో ఫ్రెంచి పోలీసులే పారిస్ ప్రాంతంలో సుమారు 13 వేల మంది యూదులను నిర్బంధించారు. వారిలో నాలుగు వేల మందికి పైగా పిల్లలు! విషీ పాలనను పూర్తి ఫాసిజం అనవచ్చా అన్న విషయంలో చరిత్రకారుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అది నాజీలతో చేతులు కలిపిన నియంతృత్వం అన్నది మాత్రం నిర్వివాదం.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. నేడు జిప్‌మర్ వైద్యసంస్థ ఉన్న గోరిమేడు పుదుచ్చేరి పట్టణ శివారు. అది దాటి కొద్ది దూరం వెళితే తమిళనాడు వస్తుంది. 1940లో ఇటువైపు ఫ్రెంచి పాలన, అటువైపు బ్రిటిష్ పాలన. పుదుచ్చేరితో పాటు తెలుగువారి యానాం కూడా ఫ్రెంచి భారతంలో భాగమే. విషీ వైపా, లండన్ నుంచి పోరాటం సాగిస్తున్న జనరల్ డిగాల్ వైపా? ఈ ప్రశ్న గవర్నర్ లూయీ బోన్వాన్ ముందు నిలిచింది. సెప్టెంబరులో ఆయన డిగాల్ పక్షం వహించాడు. ఇండోచైనా మాత్రం విషీతోనే ఉండిపోయింది. బోన్వాన్ నిర్ణయంలో ఆదర్శంతో పాటు అవసరమూ ఉందని గమనించాలి. ఫ్రెంచి స్థావరాలను చుట్టుముట్టి ఉన్నది బ్రిటిష్ భారతమే కదా!

ప్రజల మనసులు అంత తేలికగా తేలలేదు. బ్రిటిష్ పాలనపై ఆగ్రహంతో హిట్లర్ గెలవాలని కోరుకున్నవారు దేశంలో ఎందరో ఉన్నారు. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమంలోనూ కొందరు అలాగే తలచారు. శత్రువుకు శత్రువు మిత్రుడన్నది వారి తర్కం. ఒకప్పుడు బ్రిటిష్ వారిని ఎదిరించి, 1910లో పుదుచ్చేరి చేరిన శ్రీ అరవిందులు ఆ తర్కాన్ని తిరస్కరించారు. 1940 సెప్టెంబరులో మిత్రరాజ్యాల యుద్ధనిధికి బహిరంగంగా విరాళమిచ్చారు. వలస పాలన కంటే నాజీ విజయం మానవాళికి పెద్ద ముప్పని ఆయన భావించారు.

అయితే ఐరోపాలో స్వేచ్ఛ కోసం పోరాడిన ఫ్రాన్స్, తన వలస ప్రజలకు ఆ స్వేచ్ఛను వెంటనే ఇవ్వలేదు. యానాం, పుదుచ్చేరి ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది 1954లోనే.

విద్యార్థులారా! వెర్డన్ వీరుడిపై జనం పెంచుకున్న నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ నమ్మకంతో ప్రశ్నించే హక్కును కూడా అప్పగించడంలోనే ప్రమాదమంతా ఉంది. ఆ రోజు వ్యతిరేకంగా ఓటు వేసిన 80 మంది గెలవలేదు. కాని దేశమంతా ఒక్కటే మాట అనలేదన్న సాక్ష్యాన్ని వారు చరిత్రకు మిగిల్చారు. ఆ సభలో మీరుంటే ఏం చేసేవారు? తరగతిలో చర్చించండి.