రోకలి, వడిసెల, భర్మారు: ఏ రైఫిల్ కొనాలని అడిగిన తమ్ముడికి

ఈ ఎపిసోడ్ వాడపల్లిలో షూట్ చేస్తున్నా. నా వెనకాల కనబడుతున్నది కృష్ణ. ఎడమ పక్క నుంచి వచ్చి కలుస్తున్నది మూసీ. అవును, హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీనే. గాలి ఎక్కువుంది, ఆడియో కొంచెం అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

పోయిన ఎపిసోడ్ తర్వాత మిర్యాలగూడ తమ్ముడు ఒకతను మెసేజ్ పెట్టిండు. "అన్నా, ఇంటి రక్షణకు, ఏదన్నా ఎమర్జెన్సీ వస్తే దగ్గర పెట్టుకోవడానికి ఏ రైఫిల్ మంచిది? ఒక వీడియో చెయ్యి" అని. అమెరికా వాళ్ల వీడియోలు చూసి అడిగిండని తెలుస్తూనే ఉంది. నేను నవ్వి వదిలేద్దామనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, ఇదే ప్రశ్న మన తాతలు ఇదే నేల మీద నిజంగానే అడిగిండ్రు కదా అనిపించింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో 1946 నుంచి 1951 దాకా ప్రతి ఊరూ దీని గురించి కూర్చుని మాట్లాడుకుంది. వాళ్లకు దొరికిన జవాబులు చెప్తా, విను.

మొదట వాళ్ల ఇళ్ల మీదికి ఎవరొస్తున్నరో తెలియాలి. అప్పట్లో నల్లగొండ జిల్లా నిజాం రాజ్యంలో ఉంది. తుపాకి ఎవరి దగ్గరుండేది? పోలీసుల దగ్గర, దేశ్‌ముఖ్‌ల గడీల్లో. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలుండేవని పుస్తకాలు రాస్తాయి. అంత భూమి ఉన్నాయన ఇంట్లో తుపాకి ఉండదా? రైతు ఇంట్లో మాత్రం కర్ర, కొడవలి, రోకలి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్చిండ్రు, దొడ్డి కొమరయ్య చనిపోయిండు. అక్కడి నుంచి ఊళ్లలో మాట మారింది. మళ్లీ వస్తే ఏం చేయాలె అన్నది అసలు ముచ్చట అయింది.

మొదటి ఆయుధం మీరు అనుకునేది కాదు. వడిసెల. మీలో చాలామంది చూసి ఉండరు. తాడుతో అల్లి, మధ్యలో రాయి పట్టేంత గుంట ఉంచుతారు. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను కొట్టడానికి వాడేది. తల చుట్టూ గిర్రున తిప్పి ఒక కొస వదిలితే రాయి రివ్వున పోతుంది. చేత్తో విసిరేదానికంటే ఎన్నో రెట్ల దూరం. లైసెన్స్ అక్కర్లేదు, తూటా కొననక్కర్లేదు, చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి. 1946లో బాలెముల, పాతసూర్యాపేట లాంటి ఊళ్లలో జనం గుంపుగా నిలబడింది ఈ వడిసెలలతోనే. ఆడవాళ్లు రోకళ్లు, కారంపొడి పట్టుకుని నిలబడ్డరు. మా నాయనమ్మ చెప్పేది, ఆ రోజుల్లో మిరపకాయలు దంచితే సగం కూరకు, సగం గుమ్మం పక్క కుండలోకి అని. చిన్నప్పుడు నేను కథ అనుకున్నా. తర్వాత చదువుకుంటే తెలిసింది, కథ కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించు తమ్ముడూ. వడిసెల ఒక్కడి చేతిలో ఉంటే ఎందుకూ పనికిరాదు. రెండు వందల మంది ఒకేసారి తిప్పితేనే పోలీసు వెనక్కి తగ్గుతడు. అందుకే ముందు కావలి పెట్టిండ్రు. చెట్టెక్కి, బురుజెక్కి చూసేటోడు ఒకడు, డప్పు కొట్టేటోడు ఒకడు. డప్పు మోగితే పొలంలో ఉన్నోడు కూడా ఊరి నడిమికి రావాలె.

రెండోది భర్మారు. మూతి నుంచి మందు నింపే నాటు తుపాకి. మందు పొయ్యాలి, గుడ్డ కుక్కాలి, రవ్వలు పొయ్యాలి, మళ్లీ గుడ్డ, గజంతో దట్టించాలి. ఒకసారి పేలితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి. ఎదుటోడు ఆగుతడా? వానలో తడిస్తే పేలదు. మందు ఎక్కువైతే గొట్టమే పేలుతది. మా ఊళ్లో ఒక ముసలాయనకు కుడిచేతికి రెండు వేళ్లుండేవి కావు. పందులను కొట్టబోయి పోయినయి అని చెప్పేటోడు. ఆ రోజుల్లోనే పోయినయని ఊరంతా గుసగుసలు. అయినా భర్మారుకు ఒక గుణముంది. ఊళ్లోనే బాగు చేసుకోవచ్చు. పైగా దాని చప్పుడు! వచ్చేటోడికి ఈ ఊళ్లో ఎన్ని తుపాకులున్నయో తెలియదు.

మూడోది అందరూ కోరుకున్నది. త్రీ నాట్ త్రీ. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, బ్రిటిష్ వాళ్ల సైన్యానిది, మన దేశంలో బెంగాల్‌లోని ఈషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. మ్యాగజైన్‌లో పది తూటాలు. బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోస్తే ఇంకోటి సిద్ధం. దూరం పోతది, గురి తప్పదు. కానీ తూటా ఎక్కడ దొరుకుతది? మందు, రవ్వలు ఊళ్లో చేసుకోవచ్చు, త్రీ నాట్ త్రీ తూటా చేసుకోలేం. అందుకే దళాలు పోలీసు ఠాణాలను, గడీలను కొట్టినప్పుడు రైఫిల్ ఎంత ముఖ్యమో తూటాల పెట్టె కూడా అంతే ముఖ్యం. తూటాలైపోయిన రైఫిల్ రోకలి కంటే తక్కువ. రోకలితో కనీసం వడ్లన్నా దంచుకోవచ్చు.

1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చిండ్రు. అటుపక్క ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నరు. నిజాం సర్కారుకు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ 1948లో కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు దొంగతనంగా తెచ్చిచ్చిండు. మనవాళ్లకు విమానాలెక్కడివి? ఇదిగో ఈ నది ఉంది. ఇక్కడి నుంచి చూస్తే ఆ ఒడ్డు పల్నాడు. అప్పుడది గుంటూరు జిల్లా, మద్రాస్ రాష్ట్రం. అంటే ఈ నీళ్లే సరిహద్దు. ఈ ఒడ్డు నిజాం పోలీసు, ఆ ఒడ్డు యూనియన్ పోలీసు. కోదాడ పక్కనున్న మునగాల పరగణా అయితే ఇంకా విచిత్రం. నాలుగు దిక్కులా నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా ముక్క. తలదాచుకునేటోళ్లు అటు, సామాన్లు ఇటు. ఇప్పుడు నార్కట్‌పల్లి, అద్దంకి రోడ్డు మీద బ్రిడ్జి దాటడానికి రెండు నిమిషాలు. ఫోన్‌లోంచి తలెత్తేలోపు ఆంధ్ర వచ్చేస్తది.

సుందరయ్య గారి లెక్క ప్రకారం పోరాటం బలంగా ఉన్నప్పుడు ఊరి దళాల్లో పది వేల మంది, గెరిల్లా దళాల్లో రెండు వేల మంది. దాదాపు మూడు వేల ఊళ్లు, పది లక్షల ఎకరాల భూమి పంపకం. ఊరి దళం పని ఊరిని కాయడం, గెరిల్లా దళం పని తిరిగి కొట్టడం. మంచి తుపాకులు సహజంగానే రెండోవాళ్లకు పోయినయి. ఊళ్లకు మిగిలింది భర్మార్లు, వడిసెలలు. దీని ఫలితం ఏమిటో భైరాన్‌పల్లిలో కనబడింది.

భైరాన్‌పల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి నడుమ బురుజు, ఇప్పటికీ నిలబడే ఉంది, వెళ్లి చూడండి. దాని మీద కావలి, కింద దళం. రజాకార్లు వచ్చిన ప్రతిసారీ ఊరు తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున మాత్రం రజాకార్లతో పాటు నిజాం సైన్యం పెద్ద తుపాకులతో వచ్చింది. బురుజు మీది మందుగుండు పేలిపోయింది. తర్వాత ఇళ్లలోంచి మగవాళ్లను లాగి వరసగా నిలబెట్టి కాల్చిండ్రు. చనిపోయినవాళ్లు 118 మంది అని చెప్పుకుంటారు. నాకైతే ఆ బురుజు కింద నిలబడ్డప్పుడు మాట రాలేదు. ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు. కావలి పెట్టింది, కలిసి నిలబడింది, మూడు సార్లు గెలిచింది కూడా. అంతకుమించి ఒక ఊరు ఏం చేయగలదు?

సరిగ్గా 17 రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం వచ్చింది. బెజవాడ వైపు నుంచి ఒక దండు కోదాడ మీదుగా సూర్యాపేటకు నడిచింది. వాళ్లను ఆపాలని నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చింది. ఆ మూసీయే ఇక్కడికి వచ్చి కృష్ణలో కలిసేది. సెప్టెంబర్ 17కు అంతా అయిపోయింది.

అయిపోలేదు. ఇక్కడే అసలు కష్టమైన ప్రశ్న. రజాకారు పోయిండు, మరి తుపాకి ఏం చేయాలె? కొత్త మిలిటరీ సర్కారు ఆయుధాలు అప్పజెప్పమన్నది. రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు ఇంక ఆపుదామన్నరు. ఇంకో పక్షం, తుపాకి దించిన మర్నాడే దేశ్‌ముఖ్ తిరిగొచ్చి భూమి గుంజుకుంటడు అన్నది. ఇద్దరి మాటా అబద్ధం కాదు. చాలా చోట్ల దొరలు సైన్యం వెనకాలే ఊళ్లలోకి తిరిగొచ్చిండ్రు. తుపాకి దించనివాళ్లు నల్లమలకు, గోదావరి అడవులకు పోయి మూడేళ్లు కొట్లాడిండ్రు. పోరాటం మొత్తం మీద నాలుగు వేల మంది దాకా పోయిండ్రని సుందరయ్య గారు రాసిండ్రు. 1951 అక్టోబర్ 21న విరమించిండ్రు. నాకు ఎవరు రైటో చెప్పే ధైర్యం లేదు. 1948లోనే ఆపి ఉంటే ఎంతమంది బతికేవాళ్లు అన్నది మాత్రం మనసులోంచి పోదు.

ఇంకోటి కూడా చెప్పాలి, దాచొద్దు. రజాకార్లు ఓడిన తర్వాత హైదరాబాద్ రాజ్యంలో ఏ పాపమూ తెలియని ముస్లింలను వేలల్లో చంపిండ్రు. సుందర్‌లాల్ కమిటీ అంచనా 27 వేల నుంచి 40 వేల మంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. మొన్నటిదాకా భయపడ్డ ఇంట్లో ఆయుధం, ఇవాళ ఇంకో ఇంటికి భయం.

సరే తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. ఆ వీడియోల్లో మిలిటరీ మోడల్ రైఫిళ్లు మన దగ్గర మామూలు మనిషికి రావు. త్రీ నాట్ త్రీ కూడా నిషేధిత బోరే. ఫ్యాక్టరీ వాళ్లు జనానికి 315 బోరు రైఫిల్ అని వేరే చేసేది అందుకే, సైన్యం తూటా అందులో పట్టకూడదని. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, ప్రాణభయం ఉందని చూపించాలి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, లైసెన్స్ ఐదేళ్లు. ఎన్నికలొస్తే చాలామంది ఠాణాలో అప్పజెప్పి రావాల్సిందే. లైసెన్స్ లేకుండా దొరికితే జైలు.

ఎమర్జెన్సీ అన్నావు కదా. 2024 సెప్టెంబర్ 1న కోదాడ మునిగింది గుర్తుందా? కార్లు కాయితం పడవల్లా కొట్టుకుపోయినయి, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువ తెగింది. ఆ రాత్రి మా మేనమామ వాళ్లింట్లో అందరూ డాబా మీదెక్కిండ్రు. వాళ్లు వెతుక్కున్నది తాడు, టార్చ్, ఛార్జింగ్ ఉన్న ఫోన్. పక్కింటాయన తాడు విసిరితే ముసలామెను లాగిండ్రు. ఆ తాడు ఇప్పటికీ వాళ్ల దూలానికి వేలాడుతోంది, అమ్మమ్మ తియ్యనివ్వదు.

ఇంక లైట్ పోతోంది, కెమెరా కట్టేయాలి. గుడి దగ్గర ఛాయ్ తాగి బయల్దేరుతా. వచ్చే ఎపిసోడ్ మునగాలలో. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఆ రోజులు గుర్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, నాకు కూడా వినిపించండి. వడిసెల ఎట్లా అల్లుతారో తెలిసినవాళ్లు దొరికితే మాత్రం వెంటనే చెప్పండి, నేనే వస్తా.