చెప్పి వెళ్ళడం ప్రోగ్రాములకీ అవసరమే

ప్రోగ్రాము బిగుసుకుపోతే మన వేళ్ళు వాటంతటవే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ మీదకి పోతాయి. లినక్స్ వాళ్ళయితే ఆలోచించకుండా కిల్ -9 కొట్టేస్తారు. రెండూ పని చేస్తాయి, కాదనను. కానీ ప్రోగ్రాముని అడిగి పంపించడానికీ, మెడపట్టి గెంటడానికీ చాలా తేడా ఉంది. మన కంప్యూటర్లు ఆ తేడా నేర్చుకున్న తీరు ఆసక్తిగా ఉంటుంది.

ముందు ఆ మూడు మీటల కథ. 1981లో విడుదలైన ఐబీఎం పీసీని తయారుచేసేటప్పుడు ఏదైనా తేడా వస్తే కరెంటు ఆపి మళ్ళీ పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ మెమరీ పరీక్ష మొదటినుంచీ జరగాలి. ఈ విసుగు తప్పించడానికి డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు ఒక అడ్డదారి పెట్టారు. మొదట ఎంచుకున్నవి కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్. మూడూ ఎడమవైపే ఉండటంతో పొరపాటున చెయ్యి తగిలే ప్రమాదం ఉందని ఎస్కేప్ తీసేసి, కుడివైపున్న డిలీట్ పెట్టారు. అసలది డెవలపర్ల కోసం, చివరికి జనం చేతికొచ్చింది. అందులో అడగడం అంటూ ఏమీ లేదు. సేవ్ చెయ్యనిదంతా గంగలో కలిసినట్టే.

1992లో విండోస్ 3.1 వచ్చాక అవే మీటలు నొక్కితే, ముందు ఆ ఒక్క ప్రోగ్రాముని మూసే అవకాశం ఇచ్చింది. మళ్ళీ నొక్కితేనే రీస్టార్ట్. విండోస్ 95 ఏకంగా నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపించి, ఏది మూయాలో ఎంచుకోమంది.

యూనిక్స్ వాళ్ళ పద్ధతి వేరు. అక్కడ కిల్ అంటే పేరుకే చంపడం, నిజానికి ఒక కబురు పంపడం. నంబరేమీ ఇవ్వకపోతే వెళ్ళేది 15, అంటే సిగ్‌టర్మ్. "బాబూ, ఇక సర్దుకో" అన్నమాట. ప్రోగ్రాము దాన్ని విని ఫైలు రాయడం పూర్తిచేసి, కనెక్షన్లు మూసుకుని వెళ్ళొచ్చు. 9, అంటే సిగ్‌కిల్, ప్రోగ్రాము చెవిన కూడా పడదు. కెర్నలే తీసిపారేస్తుంది. సగం రాసిన ఫైళ్ళు, తాత్కాలిక ఫైళ్ళు ఎక్కడివక్కడే. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ అయితే సర్వర్ని ఆపడానికి 9 వాడొద్దని స్పష్టంగా చెబుతుంది.

ఇదంతా పాత చరిత్రేగా అనుకోకండి. కుబర్నెటీస్ ఒక పాడ్‌ని ఆపేటప్పుడు ముందు సిగ్‌టర్మ్ పంపి, మామూలుగా 30 సెకన్లు ఆగి, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ పంపుతుంది. డాకర్ లినక్స్ కంటైనర్లకిచ్చే గడువు 10 సెకన్లు. మీ కంటైనర్ ఆగడానికి ప్రతిసారీ కచ్చితంగా 10 సెకన్లు పడుతోందా? అయితే మీ ప్రోగ్రాముకి ఆ కబురు అందడం లేదేమో చూడండి. చాలాసార్లు మధ్యలో ఒక షెల్ స్క్రిప్ట్ కూర్చుని కబురు లోపలికి పోనివ్వదు. అంటే ప్రతి డిప్లాయ్‌మెంట్లోనూ మీరు తెలియకుండానే కిల్ -9 కొడుతున్నారు. ఆ క్షణంలో ఎవరి డబ్బో ఖాతాలోంచి పోయి, ఆర్డరు మాత్రం నమోదు కాకుండా ఉండిపోవచ్చు.

మన ఇళ్ళల్లో ఎవరూ "పోతున్నా" అనరు, "వెళ్ళొస్తా" అంటారు. ప్రోగ్రాము కూడా అంతే, మళ్ళీ రావాల్సిందే కదా! ముందు 15 పంపండి, కాసేపు ఆగండి. 9 ఎలాగూ ఎక్కడికీ పోదు :)