రుఖ్మాబాయి కేసు: కాపురానికి రానన్న పిల్ల మాట చట్టంలోకి ఎప్పుడొచ్చింది?

మేముండేది సూరత్‌లో, లింబాయత్ వైపు. నాన్నది పవర్‌లూమ్ పని. ఈ వేసవిలో మా పక్క వీధిలో తొమ్మిదో తరగతి అమ్మాయికి సంబంధం చూశారు. ఇప్పుడే చేసేద్దామన్నవాళ్లూ పెద్దలే, చదువు కానివ్వండి అన్నవాళ్లూ పెద్దలే. ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగలేదు. అదే వారం నేను జీఎస్-1 కోసం సాంఘిక సంస్కరణల చాప్టర్ రివిజన్ చేస్తున్నాను. మన నోట్సుల్లోనూ అదే వరస కనిపించింది. ఒకవైపు మలబారీ, రానడే, ఇంకోవైపు తిలక్, మధ్యలో బ్రిటిష్ ప్రభుత్వం. పిల్ల ఎక్కడా లేదు.

కానీ ఆ పిల్ల చివరికి మా ఊరికే డాక్టరుగా వచ్చింది. రుఖ్మాబాయి లండన్‌లో వైద్యం చదివి, 1895 నాటికి సూరత్ మహిళల ఆసుపత్రిలో చేరి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే పనిచేశారు. అంతకుముందు జరిగిందే మనకు కావలసిన కథ.

1864లో బొంబాయిలో పుట్టిన ఆమెకు పదకొండో ఏట దాదాజీ భికాజీతో పెళ్లయింది. అతనికి అప్పుడు పంతొమ్మిది. ఇల్లరికం ఉండి చదువుకుని బాగుపడాలన్నది ఒప్పందం. కొన్ని నెలలకే రుఖ్మాబాయి పెద్దమనిషి అయింది. ఆచారం ప్రకారం వెంటనే గర్భాధానం జరగాలి. సవతి తండ్రి సఖారాం అర్జున్ స్వయంగా డాక్టరు, ఒప్పుకోలేదు. ఈ చిన్న విషయాన్ని మనం గమనించం. చట్టం పెట్టని రూలును ఇక్కడ ఒక తండ్రి తన ఇంట్లో పెట్టాడు. దాదాజీ చదువు సాగలేదు, ఇల్లరికం నుంచి వెళ్లిపోయాడు. ఈలోపు అమ్మాయి ఇంట్లోనే పుస్తకాలు పట్టింది.

1884లో దాదాజీ భార్యను కాపురానికి పంపమన్నాడు. ఆమె రానంది. కేసు బొంబాయి హైకోర్టుకు చేరింది. 1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. ఆయన తర్కం సూటిగా ఉంటుంది: దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటే ఆగిన కాపురాన్ని మళ్లీ మొదలుపెట్టించడం. ఇక్కడ కాపురమే మొదలుకాలేదు, ఇక పునరుద్ధరించేదేమిటి? ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్లి పేరుతో ఇప్పుడు బలవంతం చేయలేమన్నాడు. అప్పీలులో ఈ తీర్పు నిలవలేదు. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ నెలలోగా భర్త దగ్గరికి వెళ్లాలని, లేకపోతే ఆరు నెలల జైలని చెప్పాడు. జైలుకే వెళ్తానంది రుఖ్మాబాయి.

(ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. విక్టోరియా రాణి ఈ పెళ్లిని రద్దు చేసిందని కొన్ని నోట్సుల్లో ఉంటుంది. కేసు ముగిసింది 1888లో, రెండు వేల రూపాయల రాజీతో.)

ఈ కేసు నడుస్తున్న రోజుల్లోనే బెహ్రాంజీ మలబారీ బాల్యవివాహాల మీద తన నోట్స్‌ను వైస్రాయ్ రిపన్‌కు పంపాడు. ఆయన కూడా చిన్నప్పుడు సూరత్‌లో పెరిగినవాడే. ఆయన సూచనల్లో నాకు ఆసక్తిగా అనిపించింది ఒకటుంది: పెళ్లయిన విద్యార్థులను విశ్వవిద్యాలయాల్లో చేర్చుకోకూడదు. తల్లిదండ్రుల మీద పోలీసుల్ని పంపకుండా, వాళ్ల ఆశ మీదే ఒత్తిడి పెట్టడం. ప్రభుత్వం దాన్ని పట్టించుకోలేదు. 1890లో కలకత్తాలో చిన్నపిల్ల ఫూల్‌మణి దాసి భర్త చేతిలో చనిపోయాకే కదిలింది. 1891 చట్టం సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచింది.

మన దగ్గర పరిస్థితి ఎలా ఉండేదో చూడాలంటే కన్యాశుల్కం తొలి ముద్రణకు (1897) గురజాడ రాసుకున్న ముందుమాట చాలు. విజయనగరం మహారాజు తీయించిన లెక్కలో మూడేళ్లలో 1034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు తేలాయి. వాటిలో 99 మంది పిల్లలకు అయిదేళ్లే.

1929 శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 అంది. దాని నిర్మాణం గమనించండి. పెళ్లి చేసిన పెద్దలకు శిక్ష ఉంది, కానీ జరిగిన పెళ్లి చెల్లుతుంది. అంటే రూలు తల్లిదండ్రులకు పెట్టారు, పిల్ల చేతికి ఏమీ ఇవ్వలేదు. ఆ "రాను" అన్న మాటకు హిందూ వివాహ చట్టంలో చోటు దొరికింది 1976లో: పదిహేనేళ్లలోపు పెళ్లయిన అమ్మాయి, పదిహేను నిండాక పద్దెనిమిది లోపల ఆ పెళ్లిని తిరస్కరించి విడాకులు కోరవచ్చు. 2006 చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. మైనరుగా పెళ్లయినవాళ్లు మేజరయ్యాక రెండేళ్లలోపు ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు, అబ్బాయికైనా అమ్మాయికైనా.

పిన్హే తర్కం మాత్రం ఇంకా సగంలోనే ఉంది. టి. సరీత కేసులో (1983) పెళ్లినాటికి ఆమె పదహారేళ్ల హైస్కూలు విద్యార్థిని. బలవంతపు కాపురం రాజ్యాంగ విరుద్ధమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9ని కొట్టేశారు. మరుసటి ఏడే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఎస్సే పేపర్లో ఈ రెండు కేసులను రుఖ్మాబాయి పక్కన పెట్టి రాసి చూడండి.

1904లో దాదాజీ చనిపోయాడు. అప్పటికి రుఖ్మాబాయి సూరత్‌లో పేరున్న డాక్టరు. ఏ పెళ్లి కోసం జైలుకైనా సిద్ధపడి కాదందో, ఆ భర్త పోయాడని తెలిశాక ఆమె తెల్లచీర కట్టారంటారు. నేను చాలాసేపు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను.